సంతకం లేని నీటిరంగులు

కిందటి వానాకాలం రాజమండ్రిలోని మా పాత ఇంట్లో అటక మీద నీళ్లు కారాయి. పెంకులు ఎప్పుడు జరిగాయో ఎవరూ చూసుకోలేదు. ఇత్తడి గుండిగల పక్కనున్న ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగి లోపలున్నవన్నీ ముద్దయిపోయాయి. తమ్ముడూ, మరదలూ, నేనూ పెట్టె దింపి ఒక్కొక్కటీ వరండాలో ఆరబెట్టాం. ముందు ఇంటి దస్తావేజులు చూశాం. తర్వాత పట్టుచీరలు. అట్టడుగున పాత చీరముక్కలో చుట్టిన కాగితాల కట్ట ఒకటుంది. దాన్ని అన్నిటికన్నా ఆఖరున విప్పాం. అవి అమ్మ వేసిన బొమ్మలు. మొత్తం నలభై మూడు. వాటిలో పదిహేడు అప్పటికే బొమ్మలు కాకుండా పోయాయి. మందారపూల ఎరుపు జారి ఆకుల పచ్చలో కలిసింది. గోదావరి మీది ఆకాశం గట్టులోకి దిగిపోయింది. ఏది ఏమిటో పోల్చుకోలేని మరకలు మిగిలాయి.

నేను ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని. ఆధారాలను ఎలా భద్రపరచాలో పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. అలాంటి నేను కూడా ముందు దస్తావేజులే చూశాను. ఆ కట్ట అక్కడుందని నాకు తెలుసు. అమ్మ ఆ బొమ్మలు వేస్తుంటే పక్కన కూచుని చూసినదాన్నే. అయినా అవి చరిత్రకు పనికొచ్చే వస్తువులని నాకెప్పుడూ తోచలేదు. ఎందుకు తోచలేదన్నదే ఇప్పుడు నన్ను నేను వేసుకుంటున్న ప్రశ్న.

అమ్మకిప్పుడు డెబ్భై తొమ్మిదేళ్లు. తడిసినవి చూపిస్తే "పోనీలే, ఊరికే కాలక్షేపానికి వేసినవి" అంది. బాగున్నవాటిని నేను అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్కదాని మీదా పేరు లేదు, తేదీ లేదు.

"సంతకం పెట్టలేదేం అమ్మా?"

"బొమ్మకి సంతకం ఎందుకే? అదేమన్నా చెక్కా?"

అందరం నవ్వాం. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. అమ్మ పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచింది నాన్న పోయాకే. అంటే ఆవిడ సంతకంతో ఎవరికైనా పని పడింది అరవై దాటాకన్నమాట.

అమ్మ రంగుల పెట్టె రేకుది. పన్నెండు బిళ్లలు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, సాయంత్రం పాలు వచ్చేలోపు దొరికే గంటన్నరే ఆవిడ సమయం. చెవి విరిగిన కప్పులో నీళ్లు. కుంచె తుడవడానికి పాత బనీను గుడ్డ. వీధి తలుపు చప్పుడైతే పెట్టె మూసి మంచం కిందికి తోసేది. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చే సమయానికి ఇంట్లో ఎవరో బొమ్మ వేస్తున్న ఆనవాలు కూడా ఉండేది కాదు.

నీటిరంగుకు ఆ సౌకర్యం ఉంది. మెత్తగా నూరిన రంగుపొడి, దాన్ని కాగితానికి పట్టి ఉంచే తుమ్మజాతి బంక, ఎండిపోయి పగలకుండా కాస్త తేనో గ్లిజరినో కలిపితే నీటిరంగు తయారవుతుంది. నీటిచుక్క తగిలితే బంక కరిగి రంగు కదులుతుంది. ఆరితే మళ్లీ గట్టిపడుతుంది. ఆర్నెల్లు మూతపెట్టి ఉంచినా ఇంకో నీటిచుక్కతో బతుకుతుంది. తైలవర్ణం అలా కాదు. దానికి అవిసెనూనె కావాలి, టర్పెంటైన్ కావాలి. ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పిల్లలు తాకని గది కావాలి, ఆ వాసనను భరించే కుటుంబం కావాలి. ఇంట్లో తనకంటూ గది లేని మనిషి ఏ రంగు ఎంచుకుంటుంది? స్త్రీల చెయ్యి సుకుమారం కాబట్టి నీటిరంగులు వాళ్లకు నప్పుతాయని మనకు చెబుతూ వచ్చారు. ఇంటి పని మధ్య ఎప్పుడంటే అప్పుడు ఆపి, మళ్లీ మొదలుపెట్టగల రంగు అదొక్కటేనని ఎవరూ చెప్పలేదు.

ఈ సుకుమారం మాటకు పెద్ద చరిత్రే ఉంది. 1768లో లండన్‌లో రాయల్ అకాడమీ పెట్టినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు - యాంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. ఆ తర్వాత పూర్తి సభ్యత్వానికి మళ్లీ ఒక స్త్రీని ఎన్నుకున్నది 1936లో. ఆమె లారా నైట్. మధ్యలో నూట అరవై ఎనిమిదేళ్లు. 1860 దాకా అకాడమీ బడిలో ఆడపిల్లలను చేర్చుకోలేదు. ఆ ఏడు లారా హెర్ఫర్డ్ అనే అమ్మాయి తన బొమ్మల మీద పూర్తి పేరు రాయకుండా పొడి అక్షరాలతో సరిపెట్టి పంపింది. మగవాడనుకుని ఎంపిక చేశారు! తీరా చూస్తే అమ్మాయి. అప్పటికే ఎంపిక చేశారు కాబట్టి కాదనలేకపోయారు. పేరు దాచుకుంటేనే తలుపు తెరుచుకుంది. చేరాక కూడా మనిషి శరీరాన్ని చూసి గీసే తరగతిలోకి రానివ్వలేదు. 1893లో గాని, అదీ కొంత వస్త్రం కప్పిన మోడల్‌తో గాని, ఆ తరగతి ఆడవాళ్లకు అందలేదు. చరిత్ర ఘట్టాల్ని, పురాణ కథల్ని పెద్ద తైలవర్ణ చిత్రాలుగా వేస్తేనే గొప్ప కళ అన్న రోజులవి. వాటికి శరీర నిర్మాణం తెలియాలి. అది నేర్పరు. పువ్వులు, పక్షులు, ఇంటి కిటికీలోంచి కనిపించే దృశ్యాలు మాత్రం వేసుకోవచ్చు. అవి వేస్తే సంగీతం, కుట్టుపనిలా పెళ్లికి పనికొచ్చే ముచ్చటైన విద్య అంటారు. "గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరు?" అన్న ప్రశ్నకు 1971లో లిండా నోక్లిన్ జవాబు వెతికింది స్త్రీల ప్రతిభలో కాదు. ఇలాంటి బడుల్లో, నియమాల్లో వెతికింది.

మరి నీటిరంగు నిజంగానే చిన్నదా? టర్నర్ జీవితమంతా నీటిరంగులతో పనిచేశాడు. ఆయన స్టూడియోలో మిగిలినవన్నీ, వేల కొద్దీ కాగితాలు, చిత్తు గీతల పుస్తకాలతో సహా, 1856లో బ్రిటిష్ జాతి ఆస్తి అయ్యాయి. ఆయన కుంచె పరీక్షించుకున్న కాగితాలను కూడా దాచారు. నీటిరంగు మన్నదు కాబట్టి స్త్రీల బొమ్మలు మిగల్లేదని అనుకోవడం తేలిక. దాచాలని ఎవరికైనా అనిపిస్తే కాగితం కూడా మన్నుతుంది.

దీనికి ఇంకో ఉదాహరణ మద్రాసులో దొరుకుతుంది. 1801లో అక్కడి సుప్రీంకోర్టుకు జడ్జిగా వచ్చిన హెన్రీ గ్విలిం వెంట ఆయన భార్య ఎలిజబెత్, ఆమె చెల్లెలు మేరీ సైమండ్స్ వచ్చారు. 1807లో చనిపోయేదాకా ఎలిజబెత్ మద్రాసు పరిసరాల్లోని పక్షుల్ని నీటిరంగుల్లో వేసింది. నూటికి పైగా బొమ్మలు. చాలావాటిని పక్షి అసలు కొలతకు దగ్గరగా వేసింది. ఈకల వరసలు, కాలి గోళ్లు లెక్కపెట్టుకోవచ్చన్నంత శ్రద్ధ. పక్షుల్ని అసలు పరిమాణంలో అచ్చువేసి లోక ప్రసిద్ధుడైన ఆడుబాన్ పుస్తకం మొదలైంది 1827లో. అంటే ఆమె పోయిన ఇరవై ఏళ్లకు. మన దృష్టిలో పడాల్సిన విషయం ఇంకోటుంది. ఈమె మద్రాసులో పట్టుబట్టి తెలుగు నేర్చుకుంది. అప్పట్లో ఇంగ్లీషువాళ్లు తెలుగును జెంటూ అనేవారు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆ చదువు గురించీ రాసింది.

ఆ బొమ్మలు నూరేళ్లకు పైగా ఎవరికీ పట్టలేదు. 1924లో కేసీ వుడ్ అనే పక్షిశాస్త్ర పుస్తకాల సేకరణకర్త లండన్‌లో ఒక అంగట్లో చూసి కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం కోసం కొన్నాడు. ఈ అక్కాచెల్లెళ్ల మీద పరిశోధకులు కలిసి రాసిన పెద్ద పుస్తకం మెక్‌గిల్ నుంచే 2023లో వచ్చింది.

ఇక్కడ నాకు ఇంకో ప్రశ్న అడ్డం వచ్చింది. ఎలిజబెత్ స్త్రీయే. కానీ ఏలినవారి ఇంటి స్త్రీ. ఆ పక్షుల్ని వలవేసి పట్టి తెచ్చినవాళ్లెవరు? ఆమె బొమ్మ వేసుకునేటంత సేపు వంట చేసిందెవరు, నీళ్లు మోసిందెవరు? వాళ్ల పేర్లు ఏ బొమ్మ కిందా లేవు. మా అమ్మ మధ్యాహ్నం గంటన్నర కూడా అంతే. మా ఇంట్లో అంట్లు తోమిన మనిషికి ఆ గంటన్నరలో ఇంకో రెండిళ్ల పనుండేది. ఆమె గుమ్మం ముందు వేసిన ముగ్గులు మా అమ్మ బొమ్మలకన్నా బాగుండేవని అమ్మే అంటుంది. ఏ మధ్యాహ్నానికి ఆ ముగ్గు ఆ మధ్యాహ్నమే చెరిగిపోయేది. అదృశ్యమైన స్త్రీల గురించి రాసేటప్పుడు మనం ఆగిపోయే మెట్టు సాధారణంగా మన అమ్మ దగ్గరే ఉంటుంది. ఆ కిందిమెట్టు కూడా ఉందని గుర్తుపెట్టుకోవాలి.

కలకత్తాలో ఠాగూర్ల ఇంట్లో సునయనీదేవి (1875-1962) కథ మా అమ్మ కథకు ఇంకాస్త దగ్గర. గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్ ఆమె అన్నలు. అవనీంద్రనాథ్‌కు యూరోపియన్ గురువులు వచ్చారు. జపాన్ నుంచి వచ్చిన చిత్రకారుల దగ్గర రంగును నీళ్లలో పలచగా పారించే పద్ధతి తెలుసుకునే అవకాశం దొరికింది. సునయనికి ఏ గురువూ లేడు. చిన్నతనంలోనే పెళ్లయింది. ముప్పయ్యో ఏడు వచ్చాక, పిల్లల తల్లిగా సంసారం చూసుకుంటూ, అన్నలు వేస్తుంటే చూసి నేర్చుకున్నదే ఆమె చదువు. ఒత్తైన కళ్లు, గుండ్రటి ముఖాలు, రాధాకృష్ణులు, ఇంటి ఆడవాళ్లు - ఊళ్లో మట్టిబొమ్మలు, పటాల పోలికలన్నీ ఆమె నీటిరంగుల్లోకి వచ్చాయి. 1922 డిసెంబరులో కలకత్తాలో పాల్ క్లే, కాండిన్‌స్కీ వంటి బౌహౌస్ కళాకారుల చిత్రాలను ప్రదర్శించినప్పుడు అదే ప్రదర్శనలో ఆమె బొమ్మలూ ఉన్నాయి. 1925లో స్టెల్లా క్రామ్రిష్ ఆమె మీద జర్మన్ పత్రికలో వ్యాసం రాసింది. అంత జరిగినా మన పాఠ్యపుస్తకాల్లో బెంగాల్ శైలి అనగానే అన్నల పేర్లే కనిపిస్తాయి.

మా ఊరి సంగతి చూద్దాం. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ తెలియనివాళ్లుండరు. 1925లో మశూచి సోకి చనిపోయేనాటికి రామారావుకు ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు. ఆ కొద్ది కాలంలోనే ఆంధ్ర చిత్రకళకు దారి వేశాడని చెప్పుకుంటాం, నిజమే. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులు. 1920లలో రాజమండ్రిలో ఇద్దరు ఆడవాళ్లు కుంచె పట్టారంటే అది ఎంత పెద్ద సంగతి! అయినా వాళ్ల పేర్లు ఎప్పుడు విన్నా "రామారావు భార్య", "రామారావు సోదరి" అనే వింటాం. ఇప్పుడు నేను రాసిన వాక్యం కూడా అలాగే ఉంది, గమనించారా? వేరేలా రాయడానికి కావలసిన సమాచారాన్ని మన కళాచరిత్రకారులు పోగుచేసి పెట్టలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చాక తెలంగాణ పోరాటంలోని స్త్రీల గొంతులు విన్నాం. మన రచయిత్రుల్ని పాత పత్రికల దుమ్ములోంచి వెతికి తెచ్చుకున్నాం. బొమ్మలు వేసినవాళ్ల కోసం అలా ఎవరం వెతకలేదు. ఆ గ్యాలరీ మా ఇంటి నుంచి రిక్షాలో పది నిమిషాల దూరం. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు బొమ్మలు వేశారని తెలియకుండానే మా అమ్మ ఇరవై ఏళ్లు మంచం మీద కూచుని బొమ్మలు వేసింది. తెలిసుంటే సంతకం పెట్టేదేమో.

నీటిరంగును చిన్నదన్నవాళ్లకు గట్టి జవాబు మన దేశంలోనే వచ్చింది. నళినీ మలానీ 1979లో న్యూయార్క్‌లో స్త్రీలే నడుపుకునే ఏ.ఐ.ఆర్. గ్యాలరీని చూసి, మన దగ్గరా స్త్రీలం కలిసి ప్రదర్శన చేయాలనుకుంది. అది జరగడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 1987లో భోపాల్ భారత్ భవన్‌లో నళిని, అర్పితా సింగ్, మాధవీ పరేఖ్, నీలిమా షేక్ "త్రూ ద లుకింగ్ గ్లాస్" పేరుతో తమ చిత్రాలు పెట్టారు. 1989 వరకు ఆ ప్రదర్శన ఊళ్లు తిరిగింది. పెద్ద కాన్వాసులు, తైలవర్ణాలే ఘనకార్యమనుకునే రోజుల్లో వాళ్లు కావాలనే కాగితాన్ని, నీటిరంగుల్ని ఎంచుకున్నారు. చుట్టి చంకన పెట్టుకుని తీసుకెళ్లొచ్చు, ఖర్చు తక్కువ. మాధవీ పరేఖ్ గుజరాత్ పల్లెటూరి నుంచి వచ్చి, ఏ కళాశాలకూ పోకుండా, 1964లో కడుపుతో ఉన్నప్పుడు బొమ్మలు మొదలుపెట్టిన మనిషి.

నీలిమా షేక్ 1984లో మొదలుపెట్టిన "వెన్ చంపా గ్రూ అప్" (చంపా పెద్దదయ్యాక) అనే పన్నెండు చిన్న బొమ్మల వరసను నేను అచ్చులోనే చూశాను. చేతి కాగితం మీద, బంక కలిపిన రంగులతో వేసినవి. చంపా ఆమెకు తెలిసిన పిల్లే. ఆడుకునే పిల్ల, పెళ్లి, అత్తవారింటి వంటిల్లు, మంట, చుట్టూ ఏడ్చే ఆడవాళ్లు. 498ఎ సెక్షన్ 1983లో, వరకట్న హత్యల మీద 304బి 1986లో వచ్చాయి. ఆ రెంటి నడుమ కాలంలో, కిరసనాయిలు చావుల్ని "స్టవ్ పేలింది" అని పేపర్లు రాసే కాలంలో, ఆ బొమ్మలు వచ్చాయి. పాత సూక్ష్మచిత్రాల్లో రాజుల వేటలకు, రాణుల ఉద్యానాలకు వాడిన పద్ధతి ఇది. దాన్ని ఒక పేదింటి పిల్ల చావుకు వాడింది. ముచ్చటైన విద్య అని మనకు ఇచ్చిన రంగులతో ఇంత మాట చెప్పొచ్చు!

ఇక ఆక్రిలిక్. నేను వేసేది దానితోనే. 1955లో అమెరికాలో హెన్రీ లెవిసన్ నీళ్లలో కలిసే ఆక్రిలిక్ రంగులు లిక్విటెక్స్ పేరుతో తెచ్చాడు. రంగుపొడిని పట్టి ఉంచేది ఇక్కడ బంక కాదు, నీళ్లలో తేలే సన్నటి ప్లాస్టిక్ రేణువులు. నీరు ఆవిరయ్యేకొద్దీ అవి ఒకదానికొకటి అతుక్కుని పొరలా బిగుసుకుంటాయి. నీళ్లతోనే కలుపుతాం, టర్పెంటైన్ వాసన లేదు, అరగంటలో ఆరుతుంది. ఆరాక మాత్రం నీళ్లు పోసినా కదలదు. తెలియక మొదటిరోజే మంచి కుంచెను కడగకుండా వదిలేస్తే మర్నాటికి పుల్ల అయి కూచుంది.

వాషింగ్టన్‌లో ముప్పై అయిదేళ్లు స్కూల్లో బొమ్మలు నేర్పిన నల్లజాతి స్త్రీ ఆల్మా థామస్ 1960లో రిటైరయ్యాకే తన పనికి పూర్తి సమయం పెట్టగలిగింది. నీటిరంగుల్లో చిన్న నమూనాలు వేసుకుని, ఆక్రిలిక్‌లో పెద్దవి వేసేది. స్టూడియో ఏదీ లేదు, వంటింట్లోనే. కీళ్లనొప్పులతో కాన్వాసు ఒళ్లో పెట్టుకుని వేసిందంటారు. 1972లో, ఎనభై ఏళ్లప్పుడు, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో సొంత ప్రదర్శన జరిగిన మొదటి నల్లజాతి స్త్రీ అయింది. తర్వాత 2015లో ఆమె చిత్రం వైట్‌హౌస్‌కు చేరింది.

ఆక్రిలిక్ మన ఇళ్లకు కళగా రాలేదు. తొంభైల్లో ఫాబ్రిక్ పెయింటింగ్ అనే పేరుతో వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో ఫెవిక్రిల్ సీసాలు, కట్టు ఫ్రేము, దిండు గలీబులు, చీర అంచులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ సీసాల్లో ఉండేదీ ఆక్రిలిక్ రంగే. ఎన్ని వేల చీరల మీద ఎందరు ఆడపిల్లలు సొంతంగా గీసి రంగులు వేశారో! అదే రంగు కాన్వాసు మీద పడితే చిత్రకళ, చీర మీద పడితే చేతిపని. మా మరదలు పెళ్లికి ముందు అలా చీరలు వేసి అమ్మి తన ఫీజు కట్టుకుంది. ఆమె కూడా ఆ చీరల మీద పేరు రాయలేదు. ఎక్కడ రాస్తావు, అంచులోనా?

తడిసిన పదిహేడింటినీ నేను పారేయలేదు. మిగిలిన ఇరవై ఆరింటినీ రెండు రోజులు అమ్మ మంచం మీద పరుచుకుని కూచున్నాం. ఏ బొమ్మ ఎప్పటిదో అమ్మకు తేదీల్లో గుర్తులేదు. "ఇది నీ తమ్ముడికి తట్టు పోసినప్పుడు. ఇది మీ మామ్మ పోయిన ఏడు, పదకొండో రోజు అయ్యాక. ఈ పడవా? గోదావరి పొంగి మీకు బడి లేనప్పుడు." ఒక్కొక్కటీ చెబుతుంటే నేను వెనక రాసుకుంటూ పోయాను. ఇంట్లో జబ్బులు, చావులు, పురుళ్లు, వరదలు అన్నీ ఆ మందారాల వెనకాల వరసగా వచ్చాయి. నలభై ఏళ్ల మా కుటుంబ చరిత్ర దస్తావేజుల్లో లేదు, అక్కడుంది. ఆ పదిహేడింటి వెనక ఏముండేదో అమ్మక్కూడా ఇప్పుడు గుర్తు రావడం లేదు. బొమ్మ చూస్తే గాని గుర్తురాదు.

మీ ఇళ్లలో కూడా అటకలుంటాయి, ట్రంకుపెట్టెలుంటాయి. అమ్మవో, పిన్నివో, అత్తగారివో కాగితాలు, గుడ్డలు ఉంటాయి. వానాకాలం రాకముందే దింపండి. వేసినవాళ్లు బతికుంటే పక్కన కూచోబెట్టుకుని అడగండి. వెనకవైపు పేరు, ఊరు, ఏడాది, వాళ్లు చెప్పిన మాట రాయండి. పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను సిరా నీళ్లకు చెదిరినా పెన్సిల్ రాత చెదరదు.

చివరి బొమ్మ వెనక రాయడం అయ్యాక పెన్సిల్ అమ్మ చేతికిచ్చాను. పేరు రాయమన్నాను. చాలాసేపు బొమ్మ వంక చూసి, "ముందువైపు వద్దే, బొమ్మ పాడవుతుంది" అని, వెనక్కి తిప్పి రాసింది. ఇంటిపేరు రాయాల్సిన చోట కాస్త ఆగింది.

"ఏది రాయనే? మా వాళ్లదా, మీ నాన్నదా?"